వెర్షన్ సంగతి తర్వాత, ముందు ఆ సిమ్‌లు ఎవరివో చూడండి

ప్రశ్న: సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మాది పంపులు, వాల్వుల దుకాణం. నాన్నగారు పెట్టింది. జీడిమెట్ల, పాశమైలారం, చర్లపల్లి ఫ్యాక్టరీలకు సరుకు వేస్తాం. పార్టీల వివరాలు పెట్టుకోవడానికి 2012లో ఒక కాంటాక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొన్నాం, ఐదు కంప్యూటర్లకు లైసెన్సు. ఇప్పటికీ విండోస్ 7 ఉన్న ఒక పాత సిస్టమ్ మీదే నడుస్తోంది. సుమారు ఆరు వేల పేర్లున్నాయి. ఇప్పుడు డీలరు వచ్చి, ఆ వెర్షన్‌కి సపోర్టు ఆగిపోయింది, కొత్తదానికి మారకపోతే డేటా పోతుంది అంటున్నాడు. యూజరుకు ఏడాదికి 12,000 చొప్పున ఐదుగురికి 60,000, డేటా మార్చినందుకు ఒకసారి 25,000, జీఎస్టీ వేరే. బల్క్ ఎస్ఎంఎస్ మాడ్యూల్ కావాలంటే ఇంకా అదనం. నాకు ఇంటర్నెట్ మీద నడిచే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌కి పోదామని ఉంది. నాన్నగారు, ఎన్నో ఏళ్ళుగా ఉన్న మా గుమాస్తా గారు మాత్రం నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడం అంటున్నారు. మా నలుగురు సేల్స్ వాళ్ళయితే దాన్ని తెరవనే తెరవరు. ఏం చేయమంటారు?
– రాణిగంజ్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: డీలరు చెప్పిన అప్‌గ్రేడ్‌కి ఇప్పుడు డబ్బు కట్టకండి. అలాగని నాన్నగారు అన్నట్టు కదపకుండా వదిలేయడానికీ లేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది డీలరు రేటు కాదండీ, సేల్స్ వాళ్ళు దాన్ని తెరవరు అని పోతూ పోతూ రాసిన మాట. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ బెదిరింపు సంగతి తేల్చేద్దాం.

సపోర్టు ఆగిందంటే కంపెనీ ఇక దాన్ని బాగు చేయదు, అడిగితే పలకదు, అంతే. ఒకేసారి డబ్బు కట్టి కొన్న లైసెన్సు అయితే రేపు పొద్దున కూడా ప్రోగ్రాం తెరుచుకుంటుంది. డేటా ఉన్నది మీ డిస్కులో, డీలరు చేతిలో కాదు. అయితే భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, వాటి గురించి అతను చెప్పలేదు. ఆ సిస్టమ్ చచ్చిపోయి ఇంకోదాంట్లో మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చిందనుకోండి. అలాంటి ప్రోగ్రాంలు చాలావరకు ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వరుని అడిగి గానీ యాక్టివేట్ కావు. ఆ సర్వరే ఎత్తేసి ఉంటే సీడీ, లైసెన్సు కాగితం రెండూ ఉన్నా పని జరగదు. డీలరుని ఈ ప్రశ్న అడగండి: "మా పాత వెర్షన్ వేరే కంప్యూటర్‌లో ఈరోజు యాక్టివేట్ అవుతుందా?" నోటితో కాదు, వాట్సాప్‌లో రాసి అడగండి.

రెండోది ఆ విండోస్ 7. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్టు 2020 జనవరి 14తో ఆపేసింది. ఆ సిస్టమ్ మీద ఎవరైనా ఈమెయిల్ తెరుస్తుంటే ఇవాళే మాన్పించండి. కొటేషన్ పేరుతో వచ్చిన జిప్ ఫైలు ఒక్కటి నొక్కితే ఆరు వేల పేర్లూ తాళం పడిపోయి, డాలర్లలో డబ్బు అడిగే తెర వస్తుంది. మీ నెట్‌వర్క్ చూసే కుర్రాడిని పిలిచి, దుకాణం లోపలి కంప్యూటర్లతో కలిసేలా ఉంచి బయటి ఇంటర్నెట్ మాత్రం దానికి తీసేయమనండి. పెద్ద పనేం కాదు.

ఇక బ్యాకప్. ఉందనే అంటారు అందరూ. ఎక్కడుందని అడిగితే మన దుకాణాల్లో సగం చోట్ల వచ్చే జవాబు "డి డ్రైవ్‌లో ఉంది సార్" అని. సి, డి రెండూ మామూలుగా ఒకే డిస్కులో చేసిన భాగాలు. ఆ డిస్కు పోతే అసలూ పోతుంది, బ్యాకప్పూ పోతుంది. మీకు పార్క్‌లేన్ దగ్గరే కదా, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు తెచ్చుకోండి. డేటాబేస్ ఒక్కటే కాకుండా, ప్రోగ్రాంలో జోడించిన కొటేషన్లు, డ్రాయింగులు ఏ ఫోల్డర్‌లో కూర్చున్నాయో చూసి దాన్నీ కాపీ చేయండి. చాలా ప్రోగ్రాంలు జోడించిన ఫైలుని డేటాబేస్ లోపల దాచవు, ఫలానా చోట ఉంది అన్న దారి మాత్రమే రాసుకుంటాయి. బ్యాకప్ తీశామని సంబరపడ్డాక, అవసరం పడినరోజు పేర్లుంటాయి, పక్కన ఒక్క కాగితమూ ఉండదు.

ఇంతవరకూ మీరు ఏ నిర్ణయం తీసుకున్నా చేయాల్సినవే. ఇప్పుడు అసలు విషయం.

రేపు షాపు తెరవగానే ఒక పని చేయండి. పాశమైలారంలో మీ అన్నిటికన్నా పెద్ద పార్టీ పేరు ఆ సాఫ్ట్‌వేర్‌లో కొట్టండి. చివరిసారి ఎవరు మాట్లాడారు, ఏం మాట్లాడారు, ఎప్పుడు అన్నది చూడండి. తర్వాత అదే పార్టీని చూసే మీ సేల్స్ అబ్బాయి ఫోన్ తీసుకుని వాట్సాప్ తెరవండి. సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడో రిటైరైపోయిన పర్చేజ్ మేనేజర్ పేరు, ఫోన్‌లో నిన్న సాయంత్రం వచ్చిన పంపు ఫోటో, "సీల్ లీక్ అవుతోంది, రేటు చెప్పు" అన్న మెసేజ్ కనిపిస్తాయని నా అనుమానం. మీ వ్యాపారం ఉన్నది ఆ ఫోన్‌లో. ఆ ఫోన్ అతనిది, సిమ్ అతనిది, నంబర్లు సేవ్ అయ్యేది అతని సొంత గూగుల్ అకౌంట్‌లో. అతను రేపు పక్క గల్లీలో ఇంకో దుకాణానికి మారితే మీ పాశమైలారం కూడా అతనితో పాటే మారుతుంది. డీలరు అమ్మే కొత్త వెర్షన్ ఆఫీసులో ఐదు కంప్యూటర్లను బాగు చేస్తుందేమో గానీ, రోడ్డు మీద తిరిగే ఆ నాలుగు ఫోన్లను ముట్టుకోదు.

అందుకే ముందు ఖర్చు పెట్టాల్సింది నాలుగు సిమ్‌ల మీద. సంస్థ పేరుతో నాలుగు పోస్ట్‌పెయిడ్ నంబర్లు తీసుకోండి. వాటి మీద వాట్సాప్ బిజినెస్ పెట్టించండి. ఆ ఫోన్లలో సంస్థ కోసం కొత్తగా చేసిన గూగుల్ అకౌంట్ వేసి, కొత్త నంబరు సేవ్ చేస్తే అందులోకే వెళ్ళేలా సెట్టింగ్ మార్చండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాంటాక్ట్స్ యాప్ సెట్టింగుల్లోనే ఉంటుంది, ఏ అకౌంట్‌లో దాచాలని. వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ అకౌంట్‌కే పోవాలి. నెలకు ఒక్కో నంబరుకు కొన్ని వందలు. దీన్ని దొంగచాటుగా చేయొద్దు, నలుగురినీ కూర్చోబెట్టి చెప్పండి. వాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో రాయకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం అనుకోకండి. పార్టీ తన చేతిలో ఉన్నంతకాలం తన ఉద్యోగానికి ఢోకా లేదని సేల్స్ మనిషికి తెలుసు. తాను తెచ్చిన పార్టీ మీద తనకు రావాల్సిన కమీషన్ ఎటూ పోదని మీరు కాగితం మీద రాసిస్తే సగం బిగింపు సడలుతుంది. పాత నంబర్ల నుంచి పార్టీలు కొత్త నంబర్లకు అలవాటు పడటానికి కొన్ని నెలలు పడుతుంది, తొందరపెట్టకండి.

సిమ్‌లు మారుతున్న ఈ నెలల్లోనే పాత డేటా శుభ్రం చేసుకోవచ్చు. ఎవరూ చేయాలనుకోని పని ఇదే, ఫలితమంతా ఉన్నదీ ఇక్కడే. ఆరు వేల పేర్లు అన్నారు. ఎన్ని బతికున్నాయి? మీరు లెక్కలకు టాలీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, గత మూడేళ్ళలో బిల్లు అయిన పార్టీల జాబితా జీఎస్టీ నంబర్లతో సహా ఎక్సెల్‌లోకి తీయండి. దాన్ని మీ కాంటాక్టుల జాబితా పక్కన పెట్టి చూడండి. ఆరు వేలలో నిజంగా సరుకు కొంటున్నవాళ్ళు కొన్ని వందల్లో తేలితే ఆశ్చర్యపోకండి. మిగతావాటిని తీసేయమనడం లేదు, వేరే ఫైలులో పెట్టుకోండి. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మాత్రం వాటిని మోసుకుపోవద్దు. మార్పిడి ఖర్చు, కొత్త జాబితా చూసి మనుషులు విసుక్కోవడం, రెండూ ఆ చెత్త వల్లే పెరుగుతాయి.

ఒకే పార్టీ మూడు స్పెల్లింగులతో మూడు చోట్ల ఉంటుంది కదా, వాటిని కలపడానికి జీఎస్టీ నంబరు మంచి ఆధారం. పదిహేను అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రం (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), తర్వాతి పది ఆ సంస్థ పాన్. పేరు ఎన్ని రకాలుగా రాసినా ఇది మారదు. కానీ కళ్ళు మూసుకుని కలిపేయకండి. ఒకే కంపెనీకి పాశమైలారంలో ఒక యూనిట్, బొల్లారంలో ఒక యూనిట్ ఉంటే రెండింటికీ మామూలుగా ఒకే జీఎస్టీ నంబరు ఉంటుంది. స్టోర్స్ వేరు, మెయింటెనెన్స్ ఇంజనీరు వేరు, మీకు ఆర్డరు ఇచ్చేవాడు వేరు. కంపెనీ ఒకటి, సైట్లు రెండు అని ఉంచాలి. కంప్యూటర్ కుర్రాడికి ఇది తెలియదు, మీ గుమాస్తా గారికి తెలుసు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఆ మాటకొస్తే ఆయన భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. "నడుస్తున్నదాన్ని కదపొద్దు" అనేవాళ్ళకి సాధారణంగా ఒక కారణం ఉంటుంది, దాన్ని మాటల్లో పెట్టలేరంతే. ఆయన ఎన్నో ఏళ్ళుగా నోట్స్ గడిలో ఏం రాశారో ఓసారి చదవండి. "చెక్కు లేటు, గానీ వస్తది." "కొత్త మేనేజరు వచ్చిండు, ఉద్దెర ఇయ్యొద్దు." "మోటరు వాళ్ళే తెచ్చుకుంటరు, పంపు ఒక్కటే కోట్ చెయ్యి." మీ దుకాణం విలువంతా ఈ గడిలోనే ఉంది, ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మొదట రాలిపోయేదీ ఇదే. పేరు, ఫోన్, చిరునామా ఏ సాఫ్ట్‌వేర్ నుంచైనా సులువుగానే బయటికి వస్తాయి. తేదీలవారీ నోట్స్, ఎవరు ఏ కంపెనీ మనిషి అన్న లింకు, మీరు సొంతంగా పెట్టుకున్న గడులు అంత సులువుగా రావు. కాబట్టి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో ముందు వెతకాల్సింది ఆయన నోట్స్ ఉన్నాయా అని.

ఎక్స్‌పోర్ట్ అంటే సీఎస్‌వీ ఫైలు, అంటే గడులను కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలు వస్తుంది. దాన్ని రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచి, అటూ ఇటూ చూసి సేవ్ చేయడం అందరూ చేసే పని. చేయొద్దు. 91తో మొదలయ్యే పన్నెండంకెల ఫోన్ నంబరుని ఎక్సెల్ ఒక పెద్ద సంఖ్య అనుకుని 9.19ఈ+11 లాగా కుదించి చూపిస్తుంది. ఆ తీరులోనే సీఎస్‌వీగా సేవ్ చేస్తే చివరి అంకెలు నిజంగానే పోతాయి, మళ్ళీ తెరిస్తే సున్నాలు కనిపిస్తాయి. 040తో మొదలయ్యే ల్యాండ్‌లైన్లకి ముందున్న సున్నా ఎగిరిపోతుంది. తెలుగులో రాసిన పేర్లు కూడా ఒక్కోసారి పిచ్చి గుర్తులుగా మారతాయి. అందుకని అసలు ఫైలుని తాకకుండా పక్కన పెట్టి, దాని కాపీని ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి తెచ్చుకోండి. తెచ్చేటప్పుడు ఫోన్ కాలమ్‌ను టెక్స్ట్ అని, తెలుగు అక్షరాలు చెడకుండా ఫైలు యూటీఎఫ్-8 అని ఎంచుకోండి. ఏడంకెల ల్యాండ్‌లైన్ నంబర్లు తగిలితే అవి హైదరాబాద్ నంబర్లకు ముందు 2 చేరకముందు నాటివి, ఆ రికార్డు వయసు మీకు దాంతోనే తెలిసిపోతుంది.

"అప్‌గ్రేడ్" అన్న మాట గురించి కూడా కొంచెం. ఒక వెర్షన్ నుంచి తర్వాతిదానికి పోవడం వేరు, పదేళ్ళు దాటాక దూకడం వేరు. ఈ రకం సాఫ్ట్‌వేర్లలో పాతకాపు యాక్ట్! ఉంది, 1987లో అమెరికాలో పుట్టింది. చేతులు మారుతూ సిమాంటెక్, సేజ్, స్విఫ్ట్‌పేజ్ కంపెనీల దగ్గరికి వెళ్ళింది. దాని 2005 వెర్షన్‌కి లోపలి డేటాబేస్‌నే మార్చి మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీదికి తెచ్చారు. అంతకుముందు ఆరో వెర్షన్ వాడినవాళ్ళ ఫైళ్ళను మార్పిడి చేయకుండా అందులో వాడలేరు. పెట్టె మీద పేరు అదే, లోపల సరుకు వేరు. మీ సాఫ్ట్‌వేర్ పేరు మీరు రాయలేదు గానీ, డేటా మార్చినందుకు విడిగా 25,000 అడుగుతున్నాడంటేనే ఇది వెర్షన్ మార్పు కన్నా ఇల్లు మారడానికి దగ్గర అని అర్థం. ఇల్లు ఎలాగూ మారాల్సివస్తే అదే వీధిలో ఉండాలన్న నియమం ఏమీ లేదు.

డబ్బు లెక్క చూద్దాం. మూడేళ్ళకి 1,80,000, పైన 25,000, మొత్తం 2,05,000. 18 శాతం జీఎస్టీ కట్టినా మీరు చిన్న వ్యాపారుల కాంపోజిషన్ పథకంలో లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది, దాన్ని వదిలేయండి. కానీ ఇందులో కంప్యూటర్లు లేవు. విండోస్ 10కి కూడా మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉన్న మెషీన్ కావాలి, 2012 నాటి సిస్టమ్‌లు దానికి పనికిరావు. కొత్త వెర్షన్ దేనిమీద నడుస్తుందో అడిగి, ఎన్ని సిస్టమ్‌లు మార్చాలో లెక్క కట్టి ఆ అంకె కూడా కలపండి. డీలరు కొటేషన్‌లో అది ఎప్పుడూ ఉండదు. ఇంకో సంగతి, 2012లో మీరు కొన్నది సొంతం. ఇప్పుడు అతను ఇచ్చేది ఏటేటా కట్టే అద్దె. కట్టడం ఆపితే డేటా చూసుకోవడానికైనా తెరుచుకుంటుందో లేదో, అది కూడా రాతలో తీసుకోండి.

బల్క్ ఎస్ఎంఎస్ మాడ్యూల్ మాట ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ముందు మీ సంస్థ, పంపే పేరు, మెసేజ్ నమూనా టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే నమోదు వేదికలో నమోదు కావాలి. అది లేకుండా ఏ మాడ్యూల్ కొన్నా మెసేజ్ కదలదు. మీలాంటి వ్యాపారానికి దాని అవసరమూ నాకు కనిపించడం లేదు. వాల్వు కొనే మెయింటెనెన్స్ ఇంజనీరు పండగ ఆఫరు చూసి కొనడు. దసరా శుభాకాంక్షలు పంపాలంటే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ చాలు. ఒక్కో జాబితాలో 256 మంది దాకా పెట్టొచ్చు, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. చేరనివాళ్ళు ఎందరో చూస్తే మీ నంబరు ఎందరి దగ్గర ఉందో కూడా తెలుస్తుంది.

మరి క్లౌడ్? నాకూ ఆ దారే నయమనిపిస్తోంది, కాకపోతే ఐదుగురికీ ఒకేసారి వద్దు. చెన్నై కంపెనీ జోహో వారి సీఆర్‌ఎం (పార్టీల వివరాలు, మాటలు రాసుకునే సాఫ్ట్‌వేర్)లో ముగ్గురు యూజర్ల దాకా ఉచిత ఎడిషన్ ఉంది, అలాంటిదేదో తీసుకోండి. నలుగురిలో కాస్త ఉత్సాహం ఉన్న ఇద్దరిని, మూడోవారిగా గుమాస్తా గారిని పెట్టండి. జీడిమెట్ల పార్టీలను మాత్రం అందులోకి ఎక్కించి రెండు నెలలు నడపండి. నియమం ఒకటే: కొటేషన్ పంపిన రోజే ఫోన్‌లో రెండు ముక్కలు రాయాలి, మళ్ళీ ఎప్పుడు అడగాలో తేదీ వేయాలి. సోమవారం పొద్దున మీరు ఆ తెర చూసే మాట్లాడాలి, "జీడిమెట్ల ఆర్డరు ఏమైంది" అని నోటితో అడగకూడదు. యజమాని నోటితో అడిగినంత కాలం ఎవరూ రాయరు. రెండు నెలల తర్వాత ఇద్దరూ రాస్తూ ఉంటే మిగతావాళ్ళకి డబ్బు కట్టి తీసుకోండి. రాయకపోతే మీ 2,05,000 మిగిలినట్టే, ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇదే జరిగేది.

ఫోన్ నంబర్లు, పుట్టినరోజులు దాచుకునేటప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధానమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. పర్చేజ్ మేనేజరు సొంత మొబైల్ కూడా వ్యక్తిగత డేటాయే. తీసేయమంటే తీయగలగాలి, ఎవరి చేతికి పడితే వారి చేతికి పోకూడదు. నలుగురి సొంత ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్నప్పుడు అది జరిగే పని కాదు.

అప్‌గ్రేడే సరైన దారి అయ్యే సందర్భం ఒకటుంది. గుమాస్తా గారి నోట్స్, పాత కొటేషన్లు మీరు రోజూ వెనక్కి తిప్పి చూస్తూ, అవి ఇంకే విధంగానూ బయటికి రాకపోతే అప్పుడు డీలరు దగ్గరికే పోవాలి. ఈసారి అతను వచ్చినప్పుడు వంద రికార్డులు మీరే ఎంచి ఇవ్వండి, అన్నీ నోట్స్ నిండా ఉన్నవి, ఫైళ్ళు జోడించినవి. వాటిని కొత్త వెర్షన్‌లోకి మార్చి మీ ముందు, గుమాస్తా గారి ముందు తెరిచి చూపించమనండి. అన్నీ తేదీలతో సహా వస్తే ఆ 25,000 గురించి బేరం మొదలుపెట్టండి.